పద్మని తీసుకుని వస్తన్నాను

ఆమదాలవలస,
ఆగస్టు 1968.

అన్నియ్యకి నమస్కారాలు.

ఇన్నాళ్లూ సిగ్గుపడి నీకు రాయనేదు. మా పద్మకి ఎనిమిదేళ్లొచ్చినా ఒంటికీ రెంటికీ గుడ్డల్లోనే పోతాది. బద్ధకమని మా అత్త కొడతాది. మొన్న పొయ్యి దగ్గర నిప్పు తొక్కీసింది. అరికాలు కమిలిన వాసన నాకు తగిలింది గానీ, దానికి మంటే తెలీనేదు. మర్నాడే దాన్ని ఎత్తుకుని శ్రీకాకుళం ఎల్లాను.

శ్రీకాకుళంలో డాక్టరుగారు దాని నడుం మీద పుట్టుకతో ఉన్న ఎంట్రుకల మచ్చ సూసి, "ఇది బద్ధకం కాదమ్మా. వెన్నులో నరాలు అతుక్కుపోయాయి. పిల్ల ఎదిగేకొద్దీ అవి లాగుతాయి. ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి, ఆపరేషనుకి విశాఖపట్నం తీసుకెళ్లు" అన్నారు.

"వెన్ను కోస్తే పిల్ల దక్కుతాదేటి?" అని మీ బావ కదల్డం నేదు. నాకూ అదే భయం. కానీ ఎడం కాలు అప్పుడే ఈడుస్తన్నాది అన్నియ్యా.

గురువారం పాసింజరుకి వస్తన్నాను. ఆయనకి బండెక్కే ముందు సెప్తాను. నువ్వు విశాఖపట్నం స్టేషనుకి రా. దిగీసరికి పిల్ల లంగా తడిసుంటాది. వదిన ఎదర దాన్నేటీ అనకు. తప్పు తనది కాదని డాక్టరుగారు సెప్పినా, అది ఇంకా నమ్మనేదు.

నీ సెల్లి