నాయన సంతకం

మంగళవారం, ఆళ్లగడ్డ దగ్గర మా ఊరు

డెబ్బై దాటినోళ్లు సర్పంచులుగా ఉండకూడదని నంద్యాలలో తోటి టీచర్లతో ఎప్పుడూ వాదించేది నేనే. మా ఊరి సర్పంచి మా నాయనే, ఆయనకేమో డెబ్బై ఎనిమిది! చూపు తగ్గింది, అందుకే ప్రతి తీర్మానం ఊరందరి ముందూ గట్టిగా చదివిస్తేనే సంతకం పెడతాడు. ఈ రోజు గ్రామసభలో ఆయన పక్కనే కూర్చున్నా. సెక్రటరీ నీళ్ల పైపుల తీర్మానం చదువుతా తొందరలో ఒక లైను దాటేసినాడు.

"చివరి వీధి పైపు యాడికి పోయిందప్పా?" అన్నాడు నాయన.

జనం ఒకటే చప్పట్లు. నేను పొంగిపోయినా.

ఇంటికొస్తాంటే మెల్లగా అన్నాడు: "ఇట్లా దాటేసింది నేను పట్టుకోలేని రోజు నువ్వే చెప్పల్లమ్మా. ఆ రోజే దిగిపోతా."

ఇట్లా అడిగే నాయకుడు ఇంకెవరున్నారు? సరే అన్నా.

సభలో ఆ కాగితం నా కళ్లముందే ఉండె. సెక్రటరీ దాటేసింది రెండు లైన్లు. రెండోదాని సంగతి నాయనకు ఇంకా చెప్పలేదు.