నల్లరాతి బంగళాలు

బెంగళూరు,
ఆగస్టు 1986.

హనీఫ్ భాయ్‌కి సలాం.

ఈరోజు ఎం.బి.ఎ.లో అంతర్జాతీయ వ్యాపారం క్లాసు. ఎగుమతుల పాఠంలో కుప్పం పేరు వినబడగానే నిటారుగా కూర్చున్నాను. మన నల్లరాయి జపాన్ చేరాక ఏమవుతుందో లెక్చరరు స్లైడు వేసి చూపించారు. నువ్వు పాలిష్ పట్టే రాయే, అద్దంలా మెరుస్తోంది. వరసగా అన్నీ సమాధులు. ఎక్కువ సరుకు వాటికే పోతుందట.

దొరల బంగళాలకు పోతుందని నువ్వే కదా చెప్పావు? తెలిసే చెప్పావా, నీకూ మేస్త్రీ అలాగే చెప్పాడా?

మదనపల్లెలో అమ్మీ ప్రతి శుక్రవారం జుమ్మా దువాలో ఏమంటుందో నీకు తెలుసు. "నా బిడ్డ నున్నగా సేసిన బండ మింద నడిసేవాళ్లు సల్లగా ఉండాల. ఆ ఇంట్లో పిల్లోళ్లు ఆడుకుంటా ఉండాల." స్లైడు మారిపోయాక కూడా నాకు ఆ మాటలే వినబడ్డాయి.

శుక్రవారం ఇంటికి పోతున్నాను. ఏం చదివినావని అమ్మీ అడుగుతుంది. నిజం చెబితే ఆమె దువా ఆపదు. పిల్లల మాట ఒక్కటి తీసేసి, పోయిన అబ్బాకు చదివినట్టే ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లకూ ఫాతెహా చదువుతుంది. అది వినే ధైర్యం నాకు లేదు. ఆ నిజం అమ్మీకి నువ్వు చెప్తావా?

నీ చెల్లెలు