నీ కుడిచేతి వైపు చూడు

నీకు,

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అత్తయ్యా అక్కడ బాగున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

నిన్న పని నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కిందనుంచి లోపలికి తోసి ఉంది. చెప్పులు విప్పకుండానే చదివాను. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ "తిన్నారా", "తిన్నాను", "సరే, ఉంటాను" దగ్గరే ఆగిపోతాం. నీ వెనక దుకాణంలో కుట్టుమిషన్ల చప్పుడు, నా వెనక లిఫ్టు మోటారు చప్పుడు. "చేతికి కాగితం ఇస్తే తప్ప మీకు నోరు పెగలదు" అని నువ్వు రాసింది నిజమే.

నువ్వడిగిన వాటికి జవాబులు. కిర్రుమంటున్న మిషన్‌కి అప్పుడే నూనె పొయ్యకు. పెడల్‌కి రెండు పక్కలా ఉన్న మరలు వదులై ఉంటాయి, ముందు వాటిని బిగించు. అత్తయ్యని మోకాలి పట్టీ నిద్రపోయేటప్పుడు తీసెయ్యమను. నా దగ్గు తగ్గింది. వీడియోలు తియ్యడం నేర్పే క్లాసు మానలేదు, మానను కూడా.

ఆ క్లాసు సంగతి వివరంగా రాయమన్నావు. ఆదివారాలు లైబ్రరీ పై అంతస్తులో జరుగుతుంది. అందరూ నా వయసులో సగం వాళ్లు. టీచరమ్మదీ చిన్న వయసే, నన్ను "బాబాయ్ గారూ" అంటుంది. రోజువారీ ఖర్చులు రాసుకున్నట్టే తీసిన ప్రతి షాటూ రాసుకుంటానని పిల్లలు నాకు "గుమాస్తా గారు" అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతున్నాను.

నా మొదటి వీడియో నువ్వు చూశావు, ఆసుపత్రిలో నేను చూసుకునే లిఫ్టు మీద తీసింది. "తల తిరిగిపోయింది, మిమ్మల్నెవరైనా తరుముతున్నారా?" అని అడిగావు. టీచరమ్మ కూడా దాదాపు అదే అంది. "బాబాయ్ గారూ, గోడకి సున్నం కొడుతున్నారా? కాసేపు కెమెరాని ఒకచోట ఊరుకోనివ్వండి. కదిలేవాళ్లు వాళ్లంతట వాళ్లే కదులుతారు." గదికి వచ్చి మళ్లీ చూసుకున్నాను. తలుపు, బటన్లు, తాళ్లు, మోటారు, అన్నీ ఉన్నాయి. దేని దగ్గరా నిలవలేదు. పైగా అంత పెద్ద ఆసుపత్రిలో తీసిన దాంట్లో మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ తర్వాత నిలబడటం నేర్చుకున్నాను. ఫోన్‌ని స్టాండు మీద పెట్టి చేతులు కట్టుకుంటున్నాను. మాట రికార్డు చేసే ముందు ఫ్యాను ఆపాలి. మన చెవి దాన్ని మర్చిపోతుంది కానీ ఫోన్ మర్చిపోదు. కిటికీ మనిషి వెనక ఉంటే మొహం మసిబొగ్గులా పడుతుంది. ఎదురుగా ఉంటే నాలాంటివాడు కూడా కాస్త చూడదగ్గట్టుంటాడు. నవ్వకు.

రెండో వీడియోలో ఇద్దరు మాట్లాడుకోవాలి. కాసేపు ఒకరి మొహం, కాసేపు రెండోవారి మొహం, మార్చి మార్చి చూపించాలి. నాది సగంలోనే టీచరమ్మ ఆపేసింది.

"వెలుగు బాగుంది. మాట స్పష్టంగా ఉంది. ఆ మొదటిది తీసింది మీరేనా అనిపిస్తోంది. కానీ ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారేంటి బాబాయ్ గారూ? వీళ్లు మాట్లాడుకోవట్లేదు, ఒకే బస్సు కోసం ఎదురుచూస్తున్నారు!"

"బస్సెక్కాక మాట్లాడుకుంటారేమో మేడమ్" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వులయ్యాక ఆమె విడమరిచి చెప్పింది. తెర మీద ఒకరు కుడివైపు చూస్తే రెండోవాళ్లు ఎడమవైపు చూడాలి. అది కుదిరితే చాలు, ఇద్దరినీ వేరువేరు ఊళ్లలో, వేరువేరు రోజుల్లో తీసినా ఎదురెదురుగా కూర్చున్నట్టే ఉంటుందట. మర్నాడు పనిలో ఉండగా అది నా బుర్రకెక్కింది. లిఫ్టు ఎక్కినవాళ్లంతా తలుపు వైపే చూస్తారు. భుజాలు తగులుతుంటాయి, ఒక్కరూ పెదవి విప్పరు. ఇన్నేళ్లుగా వాళ్లని పైకీ కిందికీ తిప్పుతూ నేనది చూడనేలేదు.

ఇక నువ్వడిగిన వాటిలో ఒకటి మిగిలింది. "మీ గదిలో ఉండే కాంపౌండరు గారు వేషం వేశారన్నారు కదా, మరి ఆ రెండో వీడియో ఎందుకు పంపలేదు?" దీన్ని ఇంతసేపూ వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను.

కాంపౌండరు ఇప్పుడు నా గదిలో లేడు. వానలు మొదలవక ముందే వేరే ఊళ్లో మందుల షాపులో పని దొరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నీకు రాసినవన్నీ, అతను కూర మాడ్చాడనీ, చదరంగంలో నన్ను ఓడించాడనీ, అన్నీ నేను అల్లినవే. ఒంటరిగా ఉన్నానంటే కత్తెర పక్కన పెట్టి దిగులుగా కూర్చుంటావని మొదలుపెట్టాను. తర్వాత ఆపడం చేతకాలేదు. రాస్తున్నంతసేపూ గదిలో రెండో మనిషి ఉన్నట్టే ఉండేది. కాగితం మడవగానే వెళ్లిపోయేవాడు.

ఆ వీడియోలో ఇద్దరూ నేనే. ఒకసారి తెల్ల చొక్కా, ఇంకోసారి నువ్వు కుట్టిన గళ్ల చొక్కా. చొక్కా మార్చాను, కుర్చీ మార్చలేదు. అందుకే ఇద్దరం ఒకే వైపు చూశాం. క్లాసులో అందరికీ తెలిసిందే, నీకే తెలియదు. పంపితే మొహం దాకా కూడా వెళ్లవు, కాలరు చూసే పట్టేస్తావు.

ఇది ఇంకొన్నాళ్లు దాచేవాడినే. కానీ నీ ఉత్తరం చివర, అంచున ఇరికించి రాశావు. "మన వీధి చివర కట్టిన నర్సింగ్ హోమ్‌లో లిఫ్టు చూసుకునే మనిషి కావాలట. మీకక్కడ తోడుంది, సరదాగా ఉన్నారు. ఇప్పుడు రమ్మనడం నా స్వార్థం. ఊరికే చెప్పాను." ఆ "ఊరికే" దాటి ముందుకి వెళ్లలేకపోయాను. నీకు దిగులు లేకుండా చేద్దామని అల్లిన మనిషి, నువ్వు నన్ను పిలవకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

మూడో వీడియోలోనూ ఇద్దరు మాట్లాడుకోవాలి. నా సగం ఈ ఉదయం తీశాను. కిటికీకి ఎదురుగా కూర్చుని, ఫ్యాను ఆపి, నా ఎడమచేతి వైపు చూస్తూ ఒక్క మాటే అడిగాను. "నేను ఇంటికి వచ్చెయ్యనా?" అడిగాక వింటున్న మొహాన్ని కూడా తియ్యాలని టీచరమ్మ నేర్పింది. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ వినడం నా వల్ల కాలేదు. ఆ కుర్చీలో నీ ఉత్తరం పెట్టాను. అప్పుడు కుదిరింది.

మిగతా సగం నువ్వే తీసి పంపాలి. దుకాణంలో గిరాకీ లేనప్పుడు మిషన్లు ఆపించు. వెలుగు మొహం మీద పడేలా కూర్చో. ఫోన్‌ని నీ కంటి ఎత్తున, బట్టల దొంతర మీద ఆనించు. దాని కేసి చూడకు. నీ కుడిచేతి వైపు చూడు. అక్కడ నేనున్నాను.

నువ్వేం చెప్పాలో నేను రాసి పంపడం లేదు, నీ మనసులో ఉన్నదే చెప్పు. వద్దనాలనిపిస్తే వద్దనే అను. నా మొహం చూసి జాలిపడకు. ఇద్దరి వంతూ నేనే మాట్లాడటం ఇక మానేశాను. ఒకటే కోరిక. ఏం చెప్పినా, చెప్పేముందు కాసేపు మాట లేకుండా నా వైపు చూడు. టీచరమ్మ నిడివి ఎక్కువైందన్నా సరే, ఆ కాసేపటిని మాత్రం నేను కత్తిరించను.

ఇట్లు,
నీ కుడిచేతి వైపు కూర్చుని వింటున్న
మీ ఆయన