అక్క ఫోనులో మిగిలిన మాట

తోటపల్లి గూడూరు,
ఆదివారం.

అమ్మ పాదాలకు లక్ష్మి నమస్కారాలు.

నేనిక్కడ బాగుండాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్టుంది? నాయన మాత్రలు సరిగ్గా వేసుకుంటుండాడా? ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోవద్దు. కూడబలుక్కునైనా నువ్వే చదువు.

రొయ్యల కంపెనీలో పని అలవాటైంది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలకాయలు తీయడమే. వేళ్లు నానిపోయి ఫోను మీద ఎంత గీసినా పలకదు. మన మెట్ట ఊళ్లో పెరిగినదాన్ని, ఇక్కడి ఉప్పుగాలికి ఒళ్లంతా జిడ్డు. హాస్టల్లో అన్నం పరవాలేదు. కడుపునిండా తింటుండాను, దిగులు పడొద్దు.

నువ్విచ్చిన అక్క ఫోనే వాడుతుండాను. వచ్చిన మొదటి రోజు చేతిలోకి తీసుకుంటే, నంబరు కొట్టకముందే అది నా మొహం చూసి తెరుచుకుంది. అక్క తాళంగా తన మొహమే పెట్టుకొని ఉండింది. చవక ఫోను కదా, మా ఇద్దరి మొహాలకూ తేడా దానికి తెలియలేదు. పోయిన మనిషి నాలోంచి చూసినట్టు అనిపించింది. ఇప్పటికీ తీసినప్పుడల్లా అట్లాగే ఉంటుంది.

పోయిన వారం అందులో చోటు నిండిపోయింది. సూపర్‌వైజరు గ్రూపులో పెట్టే డ్యూటీ లిస్టు కూడా దిగలేదు. నా పక్క మంచం ఖైరున్ చూసి, ఈ ఫోను వచ్చిన కాలూ, చేసిన కాలూ అన్నీ దానంతటదే రికార్డు చేస్తుంది, పాతవి తీసెయ్యి అనింది. భోజనాల టైములో షెడ్డు వెనక కూర్చుని ఒక్కోటీ విన్నాను. అక్క మాట్లాడినవాటిలో చివరిది నాతో మాట్లాడిందే.

అమ్మా, అక్క పోయే ముందురోజు ఎవరికీ ఫోను చెయ్యలేదని నీకు చెప్పినాను. అది అబద్ధం. నాకు చేసింది. ఆయాసపడతా మాట్లాడింది.

"మీ బావ ఆసుపత్రికి పోదామంటుండాడు. నాకు భయంగా ఉంది చెల్లీ. నువ్వు రా, ముగ్గురం పోదాం" అనింది.

"రేపొస్తాలే అక్కా" అన్నాను.

అప్పుడు జాకెట్టు కుడుతుండినాను అమ్మా, అంతే. రికార్డులో మిషను చప్పుడు కూడా వినపడుతుంది.

తెల్లారేసరికి అక్క లేదు. ఆసుపత్రికి తీసుకపోకుండా చంపినాడని అందరూ బావ మీద పడ్డారు. నువ్వు శాపనార్థాలు పెడుతుంటే నీ పక్కనే నిలబడి నోరు మెదపలేదు నేను. దినాలైనాక ఆయన మనింటికొస్తే నాయన గడప తొక్కనీలేదు. అప్పుడూ ఊరుకున్నాను.

మిగతావన్నీ తీసేసినాను. అదొక్కటి తీయడానికి చెయ్యి రాలేదు. రెండు రోజులు షెడ్డు హోరులో కూడా అక్క ఆయాసమే వినపడింది. మొన్న బావకు ఫోను చేసి చెప్పేసినాను.

"నాకు తెలుసు లక్ష్మీ. అప్పుడు నేను పక్కనే ఉండినాను" అన్నాడు.

మరి అంతమంది అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదని అడిగినాను.

"మీ అమ్మకు మిగిలింది నువ్వొక్కదానివే కదా" అన్నాడు.

ఫోనులో నీకు చెప్పే ధైర్యం లేక రాస్తుండాను. నాయనకు నువ్వే చెప్పు. నన్నేమన్నా అను, పడతాను. బావను మాత్రం ఒకసారి ఇంటికి పిలువు, కూర్చోబెట్టి అన్నం పెట్టు. ఆయన వచ్చినాడో లేదో రెండు ముక్కలు రాయించు. దసరాకు నేనొస్తాను. అక్క మాట వినిపించమంటే వినిపిస్తాను, వద్దంటే నాదగ్గరే ఉంటుంది.

పెద్దమ్మకూ, పెదనాయనకూ నా నమస్కారాలు. నన్ను దీవించమని అడగడానికి నోరు రావడంలేదు. అయినా అడుగుతుండాను.

నీ రెండో బిడ్డ,
లక్ష్మి