కవరు మాని కార్డు

ఏలూరు, 9-8-2004

నాన్నగారికి వందనాలు. మీ పేగు పరీక్ష రిపోర్టు ఇవాళ డాక్టరుగారికి చూపించాను. పాలిప్ అంటే పేగు లోపల పెరిగిన చిన్న కండ. దాన్ని ఆ రోజే తీసేశారు. బయాప్సీ జబ్బు పేరు కాదు, ఆ ముక్కను పరీక్షించడం. అందులో బినైన్ అని వచ్చింది. "అంటే క్యాన్సర్ కాదమ్మా. మూడేళ్ళకు మళ్ళీ చూపిస్తే చాలు" అన్నారు. నేను రెండుసార్లు అడిగాను.

ఊరంతా పరామర్శకు వస్తోందని, మీరు మంచం దిగడం లేదని అమ్మ రాసింది. ఇక లేచి భోజనం చేయండి. అమ్మా, గేదె ఈనిందా? నా గొడుగు బాబాయితో పంపు.

ఊళ్ళో అందరికీ తెలియాలనే కవరు మాని కార్డు రాశాను. పోస్టుమాన్ సత్యవేదంగారూ, ఎలాగూ మీరు దారిలో చదివి వినిపిస్తారు. క్యాన్సర్ కాదన్న చోట కొంచెం గట్టిగా చదవండి. మీకూ వందనాలు.

ఇందు