మెకానిక్ ఇంటి ఫ్రిజ్

దాలమ్మ వదినకు,

నీ తమ్ముడు పలాసలో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తాడు. మనింటి ఫ్రీజర్‌లో మాత్రం ఐసు గుట్టలా పేరుకుపోయింది, వంటగది నిండా నీళ్లే. అడిగితే "రేపు సూత్తాన్లే" అంటాడు.

నిన్న ఫ్లోరెన్స్ టీచర్ తన ఫ్రిజ్‌కీ ఇదే రోగమని ఫోన్ చేస్తే ఎంత తీయగా చెప్పాడో! "కత్తితో ఐసు గీకకండి మేడం. స్విచ్ తీసేసి తలుపు తెరిచి ఉంచండి. ఐసు కరిగాక, లోపల ఎనకాల, నీళ్లు పోయే సిన్న కన్నంలో గోరెచ్చని నీళ్లు పోయండి." నాతో ఏనాడైనా అంత ఓపిగ్గా మాట్లాడాడా? నాకు ఒళ్లు మండిపోయింది.

ఇవాళ అలాగే చేశాను. కన్నంలోంచి ఎండురొయ్య మీసాలు ఊడొచ్చాయి, నీళ్లు కారడం ఆగింది.

సాయంత్రం వచ్చి, పొడి నేల చూసి, మొహం మాడ్చుకుని "ఎవడొచ్చి బాగుసేసినాడే?" అన్నాడు.

నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు వదినా. కొన్నాళ్లు నీ తమ్ముడి ఒళ్లూ మండనీ.

నీ మరదలు