ఎర్ర రింగు పిట్ట

మేడిపల్లి, ఆదివారం

పొద్దుగాల నాయిన తాటిచెట్టు మీదికెల్లి ఒర్లిండు, "బిడ్డా, పక్క చెట్టు మీద నీ ఎర్ర రింగు పిట్ట!"

నమ్మలే. నిరుడు నా రీసెర్చ్ కోసం ఆ ఆడ గిజిగాడి కాలుకు రింగు వేసింది నేనే. పిల్లలకు పురుగులు మోసి మోసి పిట్ట అరిగిపోయింది. రక్తం చూస్తే ఆక్సిడేటివ్ స్ట్రెస్ మస్తుగుంది, దాన్ని ఆపే యాంటీఆక్సిడెంట్లు అడుగంటినయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు లోపల్లోపల పాడైతున్నది, ఇగ బతకదనుకున్న.

బైనాక్యులర్ల చూసిన. అదే! కొత్త గూట్లకు మెత్తటి గడ్డి మోస్తున్నది. గంత అరిగినంక గూడ ఒళ్లు మళ్ల కూడదీసుకుంటదా? మళ్ల రక్తం తీసి చూడాలె...

గప్పుడు గమనించిన, ఆ చెట్టుకు కల్లు లొట్టి లేదు.

"గీ చెట్టు ఎందుకు గీస్తలేవు నాయినా?"

"నీ పిట్ట అస్తదేమోనని ఇడిసిపెట్టిన."

మోకు పట్టుకొని దిగుకుంట ఆయన నడిమిట్ల రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నడు. రేపు జగిత్యాల పోయి నీకు గూడ రక్తం టెస్టు చేయిద్దామన్న.

నవ్విండు. "నా కాలుకు గూడ ఓ రింగెయ్యి బిడ్డా. అచ్చే ఏడు చెట్టు మీద కనబడితే నీకే సమజైతది."